నాలుగు గొంతుల కీర్తన

తెలుగు అక్షరం మొదటిసారి అచ్చయింది తెలుగునేల మీద కాదు, జర్మనీలోని హాలె పట్టణంలో. తరంగంబాడిలోనూ, ఆ తర్వాత మద్రాసులోనూ పనిచేసి తెలుగు నేర్చుకున్న మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1743లో హాలెకు తిరిగి వెళ్ళాడు. 1746, 47 సంవత్సరాల్లో అక్కడే కొన్ని చిన్న క్రైస్తవ బోధ గ్రంథాలను తెలుగులో అచ్చు వేయించాడు. మన ముద్రణ చరిత్ర ఈ సంగతితోనే మొదలవుతుంది. ఆ అచ్చు పని సాగుతున్న రోజుల్లో ఆ ఊరి చర్చిలో ఏ సంగీతం వినిపిస్తోందో కూడా తెలుసుకుంటే, మనకు ఎంతో దూరమనుకున్న ఒక సంప్రదాయం కాస్త దగ్గరికి జరుగుతుంది.

హాలె అంటే జార్జ్ ఫ్రెడరిక్ హాండెల్ 1685లో పుట్టిన ఊరు. ఊరి నడుమ అంగడి వీధి చర్చిలో ఆర్గాన్ వాయించే జకావ్ ఆయనకు గురువు. 1716లో అదే చర్చిలో కొత్త ఆర్గాన్ పెట్టినప్పుడు దాన్ని పరీక్షించి చూడమని పిలిచిన ముగ్గురిలో యోహాన్ సెబాస్టియన్ బాఖ్ ఒకడు. 1746లో, అంటే తెలుగు పుస్తకాలు అచ్చవుతున్న ఏడాదే, బాఖ్ పెద్దకొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్ ఆ చర్చికి ఆర్గానిస్టుగా వచ్చాడు. మన అక్షరాలను సీసంలో పోతపోసిన ఊరూ, హాండెల్, బాఖ్‌ల భక్తి సంగీతంతో ముడిపడ్డ ఊరూ ఒకటే. ఆ సంగీతాన్నే ఇవాళ బరోక్ అంటున్నాం. సుమారు 1600 నుంచి 1750 దాకా సాగిన కాలమది.

ఈ సంగీతాన్ని ఇప్పుడు మనం కచేరీగా వింటున్నాం. మద్రాసు మ్యూజికల్ అసోసియేషన్ 1893లో ఏర్పడింది. హాండెల్ ‘మెస్సయా’ దాని గాయకబృందం పాడుతూ వచ్చిన కృతుల్లో ముఖ్యమైనది. నెల్లూరులో రైలెక్కితే కొన్ని గంటల్లో చేరే దూరంలోనే ఉంది ఆ సంప్రదాయం. అయినా నెల్లూరు తీరపు సంఘాల్లో చాలామందికి అది కోటూ టైలతో, ఇంగ్లీషుతో, పెద్ద పట్నపు చర్చిలతో ముడిపడ్డ వ్యవహారంగానే కనిపిస్తుంది. ఆ అభిప్రాయం మారాలి. బరోక్ భక్తి సంగీతంలో చాలా భాగం సభ కోసం పుట్టలేదు. సంఘం కోసం, సంఘానికి కంఠతా వచ్చిన పాట మీద, ఆరాధనలో భాగంగా పుట్టింది. కంఠతా వచ్చిన పాట, ఆరాధనలో ఓపిగ్గా కూర్చుని వినే అలవాటు, ఈ రెండూ నెల్లూరు తీరంలో ముందే ఉన్నాయి.

నెల్లూరు తీరానికి రెండు దారులు

1840లో శామ్యూల్ డే నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్‌ను నెలకొల్పాడు. చాలా ఏళ్ళపాటు చేరినవాళ్ళు కొద్దిమందే. దీన్ని మూసేద్దామన్న ప్రతిపాదన అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. 1853లో అక్కడ సభ జరుగుతున్నప్పుడు శామ్యూల్ ఎఫ్. స్మిత్ ఈ మిషన్‌ను ఒంటరి నక్షత్రంగా ఊహిస్తూ పద్యం రాశాడు. మిషన్ నిలిచింది, ‘లోన్ స్టార్’ అన్న పేరూ నిలిచింది. అమెరికా దేశభక్తి గీతాల్లో ప్రసిద్ధమైన ఒకదాన్ని రాసిన గీతకర్త ఆయన. పద్యం ఊపిరి పోసిన మిషన్‌లో పాటకు మొదటినుంచీ గౌరవం ఉండటం సహజం. 1872లో తీరం వెంబడే రామపట్నంలో సెమినరీ మొదలైంది. తెలుగు పాస్టర్లు తరతరాలుగా అక్కడ తయారయ్యారు.

రెండో దారి అప్పటి నెల్లూరు జిల్లా దక్షిణపు కొసన, పులికాట్ సరస్సు వైపు. 1865 ప్రాంతంలో జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు, వెంకటగిరి, రాపూరు పక్కల పని మొదలుపెట్టింది. హెర్మన్స్‌బర్గ్ ఉత్తర జర్మనీలో ల్యూనెబర్గ్ బీడుభూముల్లోని ఊరు. పదిహేనేళ్ళ బాఖ్ 1700లో చర్చి గాయకబృందంలో పాడుతూ చదువుకోవడానికి వెళ్ళింది ఆ ప్రాంతపు ల్యూనెబర్గ్ పట్టణానికే. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఈ మిషన్ అమెరికన్ లూథరన్ల చేతికి వెళ్ళింది. దాని సంఘాలే నేటి దక్షిణ ఆంధ్ర లూథరన్ చర్చి. నెల్లూరు తీరపు లూథరన్ సంఘాలకు బాఖ్ సంప్రదాయం పరాయిది కాదు. ఒకే విశ్వాసపు ఒప్పుకోలు, ఒకే ఆరాధన క్రమం, ఒకే గీత పరంపర నుంచి వచ్చిన దాయాదులే ఇద్దరూ.

కీర్తన పుస్తకం, కొరాల్ పుస్తకం

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే కీర్తనల నెత్తిన రాగం పేరు, తాళం పేరు కనిపిస్తాయి. పల్లవి, చరణాలు, మన సంగీతపు పద్ధతే. ఈ పరంపరకు పెద్దదిక్కు పురుషోత్తమ చౌదరి (1803–1890). క్రైస్తవ విశ్వాసాన్ని ఆయన కర్ణాటక రాగాల్లో, తెలుగు ఛందస్సు లయలో పాడి చూపించాడు. చదువురాని అమ్మమ్మలు కూడా ఈ కీర్తనలను పుస్తకం చూడకుండా పాడతారు. బాప్టిస్టు సంఘంలోనైనా లూథరన్ సంఘంలోనైనా పల్లవి ఎత్తుకోగానే జనం అందుకుంటారు.

మార్టిన్ లూథర్ 1520లలో జర్మన్లకు చేసిపెట్టిన పని ఇలాంటిదే. అంతదాకా ఆరాధనలో గాయకులు లాటిన్‌లో పాడేవారు, జనం వినేవారు. లూథర్ జనభాషలో, జనం పట్టుకోగల బాణీల్లో గీతాలు రాశాడు, రాయించాడు. వాటినే కొరాల్ అంటారు. కొరాల్ నడక నిదానం. ఒక అక్షరానికి ఒక స్వరం, పాదం చివర ఊపిరి తీసుకోవడానికి ఆగుడు. పిల్లలూ ముసలివాళ్ళూ కలిసి పాడేందుకు చేసిన కొలత అది. ఆ తర్వాత రెండు వందల ఏళ్ళపాటు జర్మన్ సంగీతకర్తలు దానిమీదే తమ విద్యనంతా ధారపోశారు. బాఖ్ నాలుగు గొంతులకు కట్టిన కొరాల్‌లు సుమారు 370. ఆయన పోయాక, 1780లలో, కొడుకు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయెల్ పర్యవేక్షణలో అచ్చయిన ఆ సంపుటం నేటికీ ప్రపంచమంతటా స్వరమేళన నేర్చుకునేవాళ్ళకు పాఠ్యగ్రంథం.

అందుకే ఈ సంగీతం వినడం మొదలుపెట్టేవాళ్ళు పెద్ద కోరస్‌ల దగ్గర కాక ఒక్క కొరాల్ దగ్గర మొదలుపెట్టాలి.

నాలుగు గొంతుల విద్య

సోప్రానో, ఆల్టో, టెనార్, బేస్. ఆడవాళ్ళ హెచ్చు గొంతు, తగ్గు గొంతు, మగవాళ్ళ హెచ్చు గొంతు, తగ్గు గొంతు. కొరాల్‌లో మనకు తెలిసిన బాణీ సోప్రానోకు దక్కుతుంది. మిగతా మూడూ దానికి వంత పాడతాయనుకుంటే మాత్రం పొరపాటు. బాఖ్ కట్టిన కొరాల్‌లో ఆల్టోను ఒక్కదాన్నే తీసి పాడినా అందులో ఒక పాట ఉంటుంది. బేస్‌ను విడిగా పాడినా మరో పాట. నాలుగు వేర్వేరు నడకలు ఒకే సమయంలో సాగుతూ, ప్రతి అక్షరం మీద కలిసి ఒక నిండు ధ్వని కావాలి. ఈ శాస్త్రంలో మొదటి నియమం కూడా దీని నుంచే వచ్చింది. రెండు గొంతులు ఎప్పుడూ షడ్జమ పంచమాల దూరంలోనే జంటగా నడవకూడదు. అలా నడిస్తే రెండూ కలిసిపోయి ఒక్కటిగానే వినిపిస్తాయి, ఒక గొంతు వృథా అవుతుంది.

మన సంగీతంలో రాగం స్వరాలను ఒకదాని తర్వాత ఒకటిగా విప్పుతుంది. భావం గమకంలో, సంగతిలో, స్వరం నుంచి స్వరానికి పాకే దారిలో ఉంటుంది. ఈ సంగీతంలో స్వరాలు ఒకదానిపై ఒకటి నిలబడతాయి. భావం వాటి మధ్య ఒరిపిడిలో ఉంటుంది. ఆ ఒరిపిడిని పుట్టించే ముఖ్యమైన పద్ధతి ఒకటుంది. మూడు గొంతులు కొత్త స్వరాలకు జరిగాక కూడా నాలుగో గొంతు పాత స్వరాన్నే పట్టుకుని ఉంటుంది. అప్పుడు గొంతులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. వినేవాడికి గుండెలో ఒక మెలి. మరుక్షణం ఆ గొంతు ఒక్క మెట్టు దిగుతుంది, అంతా సర్దుకుంటుంది. ఈ పట్టు, ఒరిపిడి, విడుపు మూడూ వరసగా వస్తాయి. బరోక్ సంగీతంలో దుఃఖానికి, ఆశకు, ప్రార్థనకు ఆధారం ఈ మూడు మెట్లే. వినేటప్పుడు ఏ గొంతు ఆలస్యంగా దిగుతోందో గమనిస్తే చాలు, సగం శాస్త్రం చెవికి అందినట్టే.

హాన్స్ లియో హాస్లర్ 1601లో ఒక ప్రేమగీతానికి కట్టిన బాణీ తర్వాతి కాలంలో క్రీస్తు గాయపడ్డ శిరస్సును ధ్యానించే కొరాల్‌గా మారింది. బాఖ్ తన ‘మత్తయి సువార్త ప్రకారం శ్రమలు’లో ఆ బాణీని ఐదుసార్లు వాడాడు. బాణీ అదే. కింద మూడు గొంతుల నడక, శ్రుతి మాత్రం సందర్భాన్ని బట్టి మారుతూ వస్తాయి. క్రీస్తు ప్రాణం విడిచిన వెంటనే వచ్చే ఐదోసారి, కింది స్వరాలు అర స్థానాల్లో జారుతూ పోయి, నేల ఏదో తెలియని స్థితికి వినేవాడిని తీసుకుపోతాయి. విద్వాంసుడు ఒకే పల్లవికి సంగతి మీద సంగతి వేసి అర్థాన్ని లోతు చేసినట్టే ఇది కూడా. మనవాళ్ళు బాణీని మార్చి భావం లోతు చేస్తారు, బాఖ్ బాణీని కదపకుండా దాని కింది నేలను మారుస్తాడు.

బేస్ కింద రాసిన అంకెలు

బరోక్ కచేరీలో గాయకుల పక్కన చిన్న ఆర్గాన్ గానీ హార్ప్సికార్డ్ గానీ, దానితో పాటు ఒక చెల్లో ఆగకుండా మోగుతుంటాయి. దీన్ని కంటిన్యువో అంటారు. ఆర్గానిస్టు ముందున్న కాగితం మీద బేస్ స్వరాలు మాత్రమే ఉంటాయి. వాటి కింద 6 అనో, 7 అనో, 4–3 అనో అంకెలు ఉంటాయి. బేస్ నుంచి ఎన్నో స్వరాన్ని చేర్చాలో ఆ అంకె చెబుతుంది. వాటిని ఏ స్థాయిలో, ఎంత నిండుగా, ఏ అలంకారంతో వాయించాలన్నది వాద్యగాడి ఇష్టం. అంటే మనోధర్మానికి చోటు ఇక్కడా ఉంది. గాయకుడి ఊపిరిని గమనిస్తూ, మాట బరువును బట్టి తగ్గుతూ హెచ్చుతూ సాగాలి. మన చర్చిల్లో కాలితో తొక్కే హార్మోనియం మీద సంవత్సరాల తరబడి కీర్తనలకు సహకారం ఇచ్చినవాళ్ళకు ఈ పని మర్మం వెంటనే అర్థమవుతుంది. హార్మోనియం మీద మంద్రస్థాయి స్వరాలు పట్టుకుని పైన రెండు స్వరాలు చేర్చడం వాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్నదే.

అడుగు బేస్ ఎంత చెప్పగలదో తెలియాలంటే బాఖ్ బి మైనర్ మాస్‌లోని సిలువ కోరస్ వినాలి. బేస్ అర స్థానాల్లో కిందికి దిగే ఒకే వరుసను పదమూడుసార్లు తిప్పి తిప్పి వాయిస్తుంది. పైన గొంతులు ఒక్కొక్కటిగా, ఒకదాని మాట మరొకటి అందుకుంటూ వస్తాయి. చివరి సారి సంగీతం శ్రుతి మారి, మెల్లగా సమాధిలోకి దిగి ఆగుతుంది.

ఒక గొంతు వెనుక ఒక గొంతు

ఫ్యూగ్ అన్న ప్రక్రియను మొదటిసారి వినేవాళ్ళకు గందరగోళంగా అనిపించవచ్చు. ఒక గొంతు చిన్న పాదం ఎత్తుకుంటుంది. అది ముగిసేసరికి రెండో గొంతు అదే పాదాన్ని పంచమం మీద అందుకుంటుంది. మూడోది మళ్ళీ షడ్జమం మీద, నాలుగోది మళ్ళీ పంచమం మీద. మొదటి గొంతు ఆగిపోదు, రెండోదానికి ఎదురు నడక నడుస్తూ ఉంటుంది. తంబురా మీద మనం వినే షడ్జమ పంచమాల బంధమే ఇక్కడ ఫ్యూగ్ మొత్తానికి వెన్నెముక. వినేవాడు చేయాల్సింది ఒక్కటే. మొదటి పాదాన్ని గుర్తుపెట్టుకుని, అది ఏ గొంతులో మళ్ళీ తలెత్తుతుందో కనిపెడుతూ పోవడం. ఆల్టోలో వినిపించింది, బేస్‌లో వినిపించింది, ఇదిగో ఇప్పుడు సోప్రానో అందుకుంది అని పోల్చుకోగలిగితే ఆ గందరగోళం కాస్తా సంభాషణ అవుతుంది. ఒకే విశ్వాసాన్ని వేర్వేరు నోళ్ళు వేర్వేరు సమయాల్లో ఒప్పుకోవడమే ఫ్యూగ్. చర్చికి ఇంతకంటే తగిన ప్రక్రియ మరొకటి లేదు.

మాటకు బొమ్మ కట్టడం ఈ కాలపు మరో విద్య. ‘మెస్సయా’ మొదట్లో టెనార్ పాడే యెషయా ప్రవచనంలో లోయలు ఎత్తవుతాయన్న చోట గొంతు మెట్లెక్కుతుంది. వంకర దారుల మాట వచ్చినప్పుడు రెండు స్వరాల మధ్య ఊగుతుంది. చదునైన నేల మాట దగ్గర ఒకే స్వరం మీద నిలిచిపోతుంది. మనుషులు గొర్రెల్లా దారి తప్పారన్న కోరస్‌లో గొంతులు తలో దిక్కుకూ పరుగెత్తుతాయి. హాయిగా వినిపించే ఆ పరుగు చివరన వేగం హఠాత్తుగా తగ్గి, ఆ తప్పులన్నీ ఒకరి మీద మోపబడ్డాయన్న మాట బరువుగా పడుతుంది. అంతసేపూ ఎందుకు నవ్వుతూ పాడించాడో అప్పుడు తెలుస్తుంది.

కథ చెప్పే గొంతు, గుంపుగా మారే గొంతులు

శ్రమల గానంలో ఒక టెనార్ సువార్తికుడై కథ చెబుతాడు. కథనం తాళానికి కట్టుబడదు, మాట నడకనే అనుసరిస్తుంది. కథ కీలకమైన చోటికి వచ్చినప్పుడు ఆగుతుంది, ఒక గొంతు తన మనసులోని మాటను పాటగా పాడుతుంది. ఆ తర్వాత అందరూ కలిసి కొరాల్. హరికథ విన్నవాళ్ళకు ఈ నడక కొత్తది కాదు. కథకుడు వచనంలో కథ నడిపి, ఘట్టం పండగానే కీర్తన ఎత్తుకుంటాడు, పాత్రలన్నీ తానే అవుతాడు. బాఖ్ దగ్గర ఆ పాత్రలు గాయకబృందంలోకి పంచబడతాయి. ఒక నిమిషం క్రితం భక్తితో కొరాల్ పాడిన అవే గొంతులు, మరు నిమిషం సిలువ వేయమని అరిచే గుంపు అవుతాయి. ఆరాధించే నోరూ తీర్పు తీర్చే నోరూ ఒకటేనని ఈ సంగీతం ఏ ప్రసంగమూ లేకుండానే మనిషికి చెప్పేస్తుంది.

‘మత్తయి శ్రమలు’లో క్రీస్తు మాటలకు బాఖ్ ఒక ప్రత్యేకమైన గౌరవం ఇచ్చాడు. ఆయన పలికినప్పుడల్లా తంత్రీవాద్యాలు ఆ మాటల చుట్టూ పొడవాటి స్వరాలతో వెలుగు వలయంలా నిలుస్తాయి. సిలువ మీద తండ్రి తనను విడిచాడన్న ఆర్తనాదం దగ్గర ఆ తంత్రులు ఆగిపోతాయి. గొంతు, కింద ఒట్టి కంటిన్యువో. దేవుడు విడిచిన క్షణాన్ని వాద్యాలు విడిచిపోవడంతో వినిపించాడు.

మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా

నెల్లూరు తీరంలో గుడ్ ఫ్రైడే అంటే మండే ఎండల్లో వచ్చే రోజు. అనేక చర్చిల్లో పన్నెండు గంటలకు మొదలై మూడు దాకా సిలువపై క్రీస్తు పలికిన ఏడు మాటల ధ్యానం సాగుతుంది. మాటకొక ప్రసంగం, మాటకొక కీర్తన. కొత్తగా వచ్చినవాళ్ళు కూడా లేవకుండా కూర్చుంటారు. ఈ మూడు గంటల ఆరాధన పుట్టింది కూడా బరోక్ కాలంలోనే. 17వ శతాబ్దం చివర పెరూ దేశంలోని లిమా నగరంలో అలోన్సో మెస్సియా అనే జెసూట్ గురువు దీన్ని మొదలుపెట్టాడని చెబుతారు. అక్కడి నుంచి అది దేశాలు దాటి, శాఖలు దాటి మన సంఘాల దాకా వచ్చింది.

అప్పటికే ఆ ఏడు మాటలను హైన్‌రిష్ షూట్స్ సంగీతంలో పెట్టాడు. షూట్స్ (1585–1672) వెనిస్‌లో గబ్రియేలి దగ్గర చదువుకుని డ్రెస్డెన్ రాజాస్థానంలో పనిచేశాడు. బాఖ్ కంటే సరిగ్గా నూరేళ్ళు ముందు పుట్టినవాడు. ఆయన ‘ఏడు మాటలు’ 1645 ప్రాంతపు రచన. ఐదు గొంతులు, ఐదు వాద్యాలు, ఇరవై నిమిషాల లోపు సంగీతం. మొదట ఒక కొరాల్ పద్యం, ఒక చిన్న వాద్య ఖండిక. మధ్యలో కథ, ఏడు మాటలు. చివర మళ్ళీ వాద్యం, మళ్ళీ గాయకబృందం. క్రీస్తు మాటలు వచ్చినప్పుడు మాత్రమే రెండు వాద్యాలు ఆ గొంతుకు తోడు నిలుస్తాయి. తర్వాత బాఖ్ ఉపయోగించిన వెలుగు వలయానికి ఇది ముందు రూపం.

మన సంఘాలకు షూట్స్ దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. 1618లో మొదలైన ముప్పయ్యేళ్ళ యుద్ధం జర్మనీని నాశనం చేసింది. డ్రెస్డెన్‌లో గాయకులు చెదిరిపోయారు, జీతాలకు డబ్బు లేదు. షూట్స్ సంగీతం ఆపలేదు. 1636లో, 1639లో ‘చిన్న భక్తి కచేరీలు’ అన్న పేరుతో రెండు సంపుటాలు తెచ్చాడు. ఒక గొంతు, రెండు గొంతులు, మహా అయితే ఐదు, కింద ఒక ఆర్గాన్. లేమి కాలంలో కొద్దిమందితో పాడేందుకు రాసిన ఆ పాటలు ఇవాళ చిన్న సంఘాలకు వరం. బాఖ్ కూడా పెద్ద గుంపును కోరలేదు. 1730లో లైప్‌జిగ్ నగర పెద్దలకు ఇచ్చిన విన్నపంలో ఒక్కో గొంతుకు కనీసం ముగ్గురు, వీలైతే నలుగురు కావాలన్నాడు. మొత్తం పదహారు మంది. గూడూరులోనో, కావలిలోనో, సూళ్లూరుపేటలోనో ఏ మధ్యరకం సంఘంలోనైనా క్రిస్మస్ క్యారల్స్ పాడే యువతను కూడదీస్తే పదహారు మంది దొరుకుతారు.

లైప్‌జిగ్‌లో 1727 గుడ్ ఫ్రైడే నాడు ‘మత్తయి శ్రమలు’ మొదటిసారి పాడినప్పుడు అది కచేరీ కాదు, మధ్యాహ్న ఆరాధన. రెండు భాగాల మధ్య ప్రసంగం. జనం టిక్కెట్టు కొనలేదు, బెంచీల మీద ప్రార్థనకు కూర్చున్నారు. ఆ సంగీతానికి అసలు స్థలం మన మూడు గంటల ఆరాధన లాంటిదే.

పాడాలంటే ఏం కావాలి

మొదటిది చెవి. మన సంఘాల్లో అందరూ బాణీనే పాడతారు, అది సహజం. ఆల్టో పాడేవాళ్ళు పక్కన సోప్రానో గట్టిగా వినిపిస్తున్నా తమ దారి తప్పకుండా ఉండాలి. దీనికి సాధన ఉంది. నాలుగు గొంతులను నాలుగు వారాలు విడివిడిగా నేర్పి, తర్వాత రెండేసి కలిపి, ఆ పైన నాలుగూ కలపాలి. దక్షిణ భారత చర్చిల్లో పెద్దలు పాశ్చాత్య స్వరలిపికి బదులు టానిక్ సాల్ఫా అక్షరాలతో నేర్చుకున్నారు. 19వ శతాబ్దపు ఇంగ్లండులో సారా గ్లోవర్ మొదలుపెట్టగా జాన్ కర్వెన్ వ్యాప్తి చేసిన పద్ధతి ఇది. అందులో ‘డో’ ఏ శ్రుతిలోనైనా ఉండవచ్చు, మన షడ్జమం లాగే. సరిగమలు తెలిసిన పిల్లలు దీన్ని తేలిగ్గా అందుకుంటారు. శంకరాభరణం స్వరాలు తెలిస్తే మేజర్ స్కేలు తెలిసినట్టే. కీరవాణి తెలిస్తే హార్మోనిక్ మైనర్ తెలిసినట్టే. ఒకటి మాత్రం మానుకోవాలి. నాలుగు గొంతులు కలిసే చోట గమకం వేస్తే ఒరిపిడి చెదిరిపోతుంది. స్వరం కదలకుండా, తిన్నగా నిలవాలి.

రెండోది భాష. తెలుగులో అర్థాన్ని నిలిపేది హ్రస్వ దీర్ఘాల తేడా. జర్మన్‌లో మాటకు ప్రాణం ఊనికలో ఉంటుంది. జర్మన్ బాణీలో బలంగా, పొడవుగా పడే స్వరం కింద తెలుగు హ్రస్వాన్ని పెడితే మాట విరిగిపోతుంది. అందుకే అనువాదకుడు అర్థం తూచడంతో సరిపెట్టుకోకుండా గురులఘువులను స్వరాల నిడివికి సరితూచాలి. ఛందస్సు తెలిసిన కవి, స్వరం తెలిసిన గాయకుడు పక్కపక్కన కూర్చుని చేయాల్సిన పని ఇది. పద్యవిద్య ఇంకా బతికి ఉన్న తెలుగులో అది అసాధ్యం కాదు. 18వ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను ‘వేదాంత రసాయనము’ అన్న ప్రబంధంగా రాశాడు. మన భాషకు ఆ కథను పద్యంలో మోసే బలం ఆనాటి నుంచీ ఉంది.

మూడోది మైకు కట్టేయడం. మన చర్చిల్లో స్పీకర్ల మోత అలవాటైపోయింది. నాలుగు గొంతుల సంగీతానికి అదే పెద్ద శత్రువు. స్పీకరు నాలుగు గొంతులనూ కలగలిపి ఒక ముద్ద చేసి వదులుతుంది, ఆల్టో ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పాత మిషన్ చర్చిల ఎత్తైన కప్పులు, గోడలు గొంతుల ధ్వనిని తిరిగి ఇస్తాయి. పదహారు మంది అర్ధవలయంగా నిలబడి ఒకరినొకరు వింటూ పాడితే చివరి బెంచీకి కూడా అందుతుంది. కాసేపు ఫ్యాన్లు ఆపాల్సి రావచ్చు. ఎండ సంగతి తెలిసే చెబుతున్నాను, ఇరవై నిమిషాలు ఓర్చుకోదగినవే.

ఇంత శ్రమ ఎందుకు

కీర్తనలు మనకు చాలవా అని ఎవరైనా అడగవచ్చు. ఆరాధనకు అవి చాలు, నిండుగా చాలు. బరోక్ గానం వాటి స్థానంలోకి రావాలని నేను అనడం లేదు. ఒక సంఘం తన పాటను ఎంత లోతుకు తీసుకెళ్ళగలదో ఈ సంగీతం చూపిస్తుంది. మామూలు జనం పాడే బాణీని తీసుకుని, దాన్ని కాస్తయినా చులకన చేయకుండా, మానవ మేధ చేరగలిగిన చివరి ఎత్తుదాకా దాన్ని మోసుకెళ్ళారు. పురుషోత్తమ చౌదరి కీర్తనకు కూడా ఆ గౌరవం దక్కాలి. రాగానికి హాని చేయకుండా తెలుగు కీర్తనకు రెండో గొంతు, మూడో గొంతు ఎలా కూర్చాలో ఆలోచించే సంగీతకారులు మనకు కావాలి. ఆ ఆలోచన రావాలంటే ముందు ఇలాంటి సంగీతాన్ని లోపల నిలబడి పాడి ఉండాలి. బయట నుంచి వింటే అందం తెలుస్తుంది, లోపల నిలబడి పాడినప్పుడే నిర్మాణం తెలుస్తుంది.

నాలుగు గొంతుల్లో పాడటం మనిషికి ఒక మర్యాద కూడా నేర్పుతుంది. నీ స్వరం తప్పకూడదు, పక్కవాడి స్వరాన్ని మింగకూడదు. నీ గొంతు ఎంత తీయనిదైనా ఒక్కదానివల్ల ఆ ధ్వని రాదు. కులాలుగా, శాఖలుగా, పేటలుగా చీలిన మన సంఘాలకు వారానికోసారి ఆ సాధన చేయడం ఏ ఐక్యతా సభకంటే మేలు చేస్తుందని నమ్ముతున్నాను. బాప్టిస్టు సోప్రానోలు, లూథరన్ బేస్‌లు, రోమన్ కాథలిక్ టెనార్‌లు కలిసి ఒక గుడ్ ఫ్రైడేకు షూట్స్ ఏడు మాటలు నేర్చుకోవడం ఎవరి సిద్ధాంతానికీ అడ్డు రాదు.

ఇక కచేరీ అన్నది ఎవరి కోసమన్న ప్రశ్నకు హాండెల్ జవాబిచ్చాడు. ‘మెస్సయా’ మొదటిసారి 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో పాడారు. ఆ రోజు వచ్చిన డబ్బు అప్పులు తీర్చలేక జైల్లో మగ్గుతున్నవాళ్ళకూ, రెండు ఆసుపత్రులకూ వెళ్ళింది. 142 మంది ఖైదీలు విడుదలయ్యారు. తుపానులు తాకే మన తీరంలో, అప్పు చేసి పడవలు కొనే మత్స్యకార పేటల పక్కన పాడే ఏ భక్తి కచేరీకైనా ఇదే కొలత కావాలి. పదహారు గొంతులు, ఒక హార్మోనియం, తలుపు దగ్గర ఒక కానుక పెట్టె. మొదటి ఏడాది ఒక్క కొరాల్ చాలు. సంఘానికి బాణీ వచ్చేదాకా నేర్పి, తర్వాత కింద మూడు గొంతులు కలపాలి. తమకు తెలిసిన పాట కింద ఎంత లోతుందో జనం తామే వింటారు. పై ఏటికి మిగతా సంగీతాన్ని వాళ్ళే అడిగి పాడించుకుంటారు.